ఉన్న కెమెరాతోనే చేయి తిరగాలంటే

ఫోటోగ్రఫీ కొత్తగా మొదలుపెట్టిన చాలామందికి కెమెరా వాడటం కంటే నలుగురిలో దాన్ని సంచిలోంచి బయటికి తీయడమే కష్టంగా ఉంటుంది. విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఆదివారం తెల్లవారుజామున అడుగడుగునా కెమెరాలు కనిపిస్తాయి. పక్కనే ఎవరో మూరెడు పొడవున్న తెల్ల లెన్స్‌ను స్టాండు మీద నిలబెట్టుకుని ఉంటే, చేతిలో పాత డీఎస్‌ఎల్‌ఆర్, దానితోపాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ మాత్రమే ఉన్నవారికి, లేదా ఒట్టి ఫోన్‌తో వచ్చినవారికి సంకోచం కలగడం సహజం. కొత్త సామగ్రి కొంటే ఈ సంకోచం పోతుందని అనుకుంటారు గానీ, కొన్న నెలకే అది తిరిగి వచ్చి కూర్చుంటుంది. షట్టర్ నొక్కకముందే బొమ్మ ఎలా రాబోతుందో తెలియకపోవడమే ఈ బెరుకుకు అసలు కారణమని నా అభిప్రాయం. ఏ వెలుగులో తన కెమెరా ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే చెప్పగలిగినవారు పక్కవారి లెన్స్ పొడవును పట్టించుకోరు. ఆ ముందస్తు అంచనాను సాధన చేసే పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను.

సామగ్రి సత్తా, దాని హద్దులు

పదేళ్ళనాటి 12 మెగాపిక్సెల్ కెమెరా తీసిన ఫోటోలో అడ్డంగా సుమారు 4,000, నిలువుగా 3,000 చుక్కలు ఉంటాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేసినా అది 13 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు వస్తుంది. ఇంట్లో గోడకు తగిలించుకోవడానికి అంతకంటే పెద్దది సాధారణంగా అవసరం పడదు. కిట్ లెన్స్‌ను చాలామంది చులకనగా చూస్తారు గానీ, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్8 దగ్గర పెట్టి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) మంచి పగటి వెలుగులో తీసినప్పుడు, దానికీ ఎన్నో రెట్లు ఖరీదైన లెన్స్‌కూ మధ్య తేడాను అచ్చులో పట్టుకోవడం అంత సులభం కాదు.

ఆ తేడా బయటపడేది రెండు సందర్భాల్లో: వెలుగు తగ్గినప్పుడు, దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు తెచ్చుకోవలసినప్పుడు. వెలుగు విషయంలో మీ హద్దు ఎక్కడుందో ఇంట్లోనే పరీక్షించి తెలుసుకోవచ్చు. రాత్రి ట్యూబ్‌లైటు వెలుగులో, సన్నటి అక్షరాలున్న మందుల డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి, ఐఎస్ఓను (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకెను) 100, 200, 400 అంటూ రెట్టింపు చేసుకుంటూ 6400 దాకా వరుసగా తీయండి. కంప్యూటర్ తెర మీద చూసినప్పుడు అక్షరాల అంచులు చెదిరి, నీడల్లో రంగు మచ్చలు కనిపించడం ఎక్కడ మొదలైందో గుర్తించి, దానికి ఒక మెట్టు కిందిదాన్ని మీ కెమెరా పరిమితిగా రాసిపెట్టుకోండి. ఆ తర్వాత లెన్స్‌ను అన్నిటికంటే దగ్గరగా చూపే 55 ఎంఎం కొలత దగ్గర ఉంచి, షట్టర్ వేగాన్ని సెకనులో 200వ వంతు నుంచి 8వ వంతు దాకా తగ్గించుకుంటూ అదే డబ్బాను చేత్తో పట్టుకునే తీయండి. ఏపీఎస్‌సీ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నదైన, వెలుగును పట్టే పలక) ఉన్న కెమెరాలో 55 ఎంఎంకు 1/80 కంటే నెమ్మది వేగం చేతికి పనికిరాదన్నది మామూలు లెక్క. అయితే అందరి చేతులూ ఒక్కలా ఉండవు. మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ఊపిరి సగం వదిలి మెల్లగా నొక్కడం అలవాటైనవారు 1/30 దగ్గర కూడా కదలకుండా తీస్తారు. లెన్స్‌లో కుదుపును తగ్గించే ఏర్పాటు ఉంటే ఇంకా నెమ్మదిగానూ తీయవచ్చు. కానీ ఆ ఏర్పాటు మీ చేతి వణుకును ఆపుతుందే తప్ప, ఎదురుగా అలల్లో పరుగెత్తే పిల్లవాణ్ణి ఆపలేదు. వాడికి 1/500 కావలసిందే.

ఈ రెండు పరీక్షలకు ఒక సాయంత్రం చాలు. వాటి నుంచి వచ్చే రెండు అంకెలు, అంటే మీ ఐఎస్ఓ పరిమితి, మీ చేతి పరిమితి, కెమెరా పుస్తకం మొత్తం చదివినదానికంటే ఎక్కువ ధైర్యాన్ని ఇస్తాయి.

ఫోన్ వాడేవారు మరో మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫోన్‌లోని ప్రధాన లెన్స్ చాలా విశాలంగా చూసేది కాబట్టి, మనిషి ముఖానికి మరీ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. రెండడుగులు వెనక్కి జరిగి తీసి, తర్వాత అంచులు కత్తిరించడం మేలు. వేళ్ళతో తెరను సాగదీసి దగ్గరకు తెచ్చేది, విడిగా టెలీ లెన్స్ (దూరపువాటిని దగ్గరగా చూపే లెన్స్) లేని ఫోన్లలో, దాదాపు ఆ కత్తిరింపే. ఇక తెర మీద కావలసినచోట వేలును కాసేపు నొక్కిపట్టి ఫోకస్‌ను, వెలుగును బిగించి, ఆపై వేలును కిందికి జరిపి వెలుగు తగ్గించడం నేర్చుకున్నవారు, ఫోన్ తన ఇష్టానికి తీసే ఫోటో నుంచి తాము కోరినట్టు ఫోన్‌తో తీయించే ఫోటోకు మారినట్టే.

ఒకే చోటు, ఒకే కొలత

జూమ్ లెన్స్ సదుపాయమే అయినా, కొత్తవారికి అది అంచనా వేసే శక్తిని చెడగొడుతుంది. నిలబడిన చోటే నిలబడి రింగు తిప్పుతూ ఉంటే ఏ కొలతలో ఎంత మేర పడుతుందో కంటికి ఎప్పటికీ పట్టుబడదు. అందుచేత కిట్ లెన్స్‌ను 35 దగ్గర పెట్టి, జూమ్ రింగు తిరగకుండా కాగితపు టేపు ఒకటి అంటించి, ఒక నెలపాటు అలాగే తిరగండి. ఏపీఎస్‌సీ కెమెరాలో ఈ 35, ఫిల్మ్ కెమెరాల్లోని 50 ఎంఎం లెన్స్‌కు దాదాపు సమానం. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్తియే-బ్రెసాన్ తన చిన్న లైకా కెమెరాతో జీవితంలో అధికభాగం ఆ 50 ఎంఎం లెన్స్‌తోనే పనిచేశాడు. 1948 జనవరి 30న హత్యకు కొద్దిసేపటి ముందు గాంధీజీని కలిసి ఫోటోలు తీసినది ఆయనే. ఒక్క కొలతకు అలవాటుపడిన కంటికి, కెమెరా ఎత్తకముందే గాలిలో ఫ్రేము కనిపించడం మొదలవుతుంది.

స్థలాన్ని కూడా అలాగే కుదించుకోవాలి. బీచ్ రోడ్డు పొడవునా తిరగవద్దు. కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా ఉన్న ముక్క చాలు. తెల్లవారుజామున ఆ రోడ్డు మీద వాహనాలను ఆపి నడకకు వచ్చేవారికి వదిలేస్తారు కనుక నిలబడి ఆలోచించుకునే వీలూ ఉంటుంది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర పొడవు 91 మీటర్లు. టేపు అంటించిన 35తో రోడ్డు పక్క నుంచి అది మొత్తం పట్టదు, పట్టించాలనుకోవడం కూడా వృథా. ముక్కుభాగపు వంపు ఒకటి, పెయింటు పొరల మీద పేరుకున్న ఉప్పు మరకలు ఒకటి, దాని నీడలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకునే నడకరి ఒకరు, ఇలా భాగాలుగా చూడటం అక్కడే నేర్చుకోవచ్చు. అందరూ తీసే పూర్తి జలాంతర్గామి ఫోటో ఎలాగూ పర్యాటకుల ఫోన్లన్నిటిలో ఉంది.

విశాఖ వెలుగు తీరు

ఒక ఊరి వెలుగును క్షుణ్ణంగా తెలుసుకున్నవారికి సామగ్రి లోటు సగం తీరుతుంది. మన తీరం తూర్పు తీరమే అయినా, విశాఖ దగ్గర అది నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. అంటే రామకృష్ణా బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే మీరు చూసేది ఆగ్నేయం వైపు. చలికాలంలో సూర్యుడు తూర్పుకు దక్షిణంగా ఉదయిస్తాడు కాబట్టి మీ ఎదుట నీటి మీద నుంచే లేస్తాడు. పడవలు, మనుషులు నల్లటి ఆకారాలుగా రావడానికి అది అనువైన కాలం. మే, జూన్ నెలల్లో అదే సూర్యుడు బాగా ఎడమకు, కైలాసగిరి దిక్కుగా జరుగుతాడు. అప్పుడు వెలుగు ఇంచుమించు తీరం వెంబడే పాకి వస్తుంది కనుక, ఇసుకలోని ప్రతి అడుగు గుర్తుకూ, ప్రతి వల ముడికీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఏర్పడి, మామూలు ఫోన్ ఫోటోకు కూడా లోతు వస్తుంది. వేళ కూడా మారుతుంది: జూన్ మొదట్లో సూర్యోదయం ఉదయం 5:20 ప్రాంతంలో అయితే, జనవరిలో అది దాదాపు 6:30కి గానీ కాదు.

సాయంత్రం పరిస్థితి తారుమారవుతుంది. పడమట కొండలు, మేడలు అడ్డురావడంతో బీచ్ పంచాంగంలోని సూర్యాస్తమయం కంటే ముందే నీడలోకి వెళుతుంది. అస్తమయపు రంగుల కోసం బీచ్‌కు వచ్చి నిరాశపడేవారు చాలామంది. అయితే ఆ నీడ మెత్తగా, సమంగా ఉండే వెలుగు. ముఖాలు తీయడానికి దానికి మించినది లేదు. మిట్టమధ్యాహ్నం మాత్రం ఖరీదైన కెమెరానూ లొంగదీస్తుంది. మన అక్షాంశంలో మే రెండోవారంలోనూ, మళ్ళీ ఆగస్టు మొదట్లోనూ సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి. ఆ వేళ పూర్ణా మార్కెట్ లోపలికి వెళ్ళండి. కప్పుల సందుల్లోంచి, టార్పాలిన్ల అంచుల్లోంచి పడే వెలుగు చారలు కూరగాయల కుప్పల మీద కదులుతూ ఉంటాయి. ఒక చారను ఎంచుకుని, అందులోకి చేయో ముఖమో వచ్చేదాకా ఆగడమే అక్కడ పని.

వెలుగును కొలిచే మీటరు గురించి ఒక్క విషయం అర్థమైతే చాలు. ఎదుట ఏమున్నా అది మధ్యస్థమైన బూడిదరంగు అనుకునే మీటరు లెక్క కడుతుంది. అందువల్ల ఎండలో తెల్లటి నురగ, తెల్ల చొక్కా ఫ్రేము నిండా ఉంటే వాటిని మసకబారుస్తుంది. తారు పూసిన నల్లటి పడవ నిండా ఉంటే దాన్ని వెలిసిపోయేలా చేస్తుంది. మొదటి సందర్భంలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటరు లెక్కను సవరించే అమరికను) ఒక మెట్టు, అంటే వెలుగు రెట్టింపయ్యేలా, పెంచాలి, రెండో సందర్భంలో ఒక మెట్టు తగ్గించాలి. రంగు విషయంలోనూ కెమెరా ఇలాంటి పొరపాటే చేస్తుంది. భీమిలికి వెళ్ళే దారిలోని ఎర్రమట్టి దిబ్బలను ఆటో వైట్ బ్యాలెన్స్‌లో (రంగులను కెమెరాయే సరిచేసుకునే అమరికలో) తీస్తే, ఎరుపు ఎక్కువైందని భావించి కెమెరా దాన్ని చల్లార్చేస్తుంది. పగటి వెలుగు గుర్తు ఉన్న అమరికకు మారిస్తే కంటికి కనిపించిన ఎరుపు తిరిగి వస్తుంది. ఆ దిబ్బలు భూవారసత్వ సంపదగా గుర్తింపు పొందినవి, ఇట్టే కోసుకుపోయేవి. మంచి కోణం కోసం వాటి అంచులెక్కి తొక్కడం తగదు.

ముందు చెప్పి, తర్వాత నొక్కడం

ఇప్పటిదాకా చెప్పిన అంకెలు, వెలుగు తీరు ఒంటబట్టాలంటే చిన్న నోటుపుస్తకం ఒకటి జేబులో ఉండాలి. షట్టర్ నొక్కకముందు మనసులో ఒక్క వాక్యం చెప్పుకోండి: "ముసలాయన ముఖం సరిగా వస్తుంది, వెనక సముద్రం తెల్లగా పోతుంది, చేయి కొంచెం చెదురుతుంది." తర్వాత నొక్కి, తెర చూసి, ఎక్కడ తేడా వచ్చిందో పుస్తకంలో రాయండి. ప్రతి ఫోటోకూ రాయనక్కర్లేదు. ఊహ తప్పినవాటికి రాస్తే చాలు. ఎండ లెక్కను కూడా ఇలాగే పరీక్షించవచ్చు. మబ్బు లేని పట్టపగలు ఎఫ్16 దగ్గర షట్టర్ వేగం ఐఎస్ఓ అంకె ఎంతో సెకనులో అన్నో వంతు ఉండాలన్నది ఫిల్మ్ కాలం నాటి సూత్రం. ఐఎస్ఓ 100 అయితే ఎఫ్16కు 1/100, ఎఫ్11కు 1/200, ఎఫ్8కు 1/400. మీటరు చూడకుండా ఈ లెక్కతో పెట్టిన అమరిక సరిపోయిన రోజున కెమెరా మీద పట్టు వచ్చిందన్న నమ్మకం దానంతటదే కలుగుతుంది.

బీచ్ రోడ్డు మొక్కజొన్న బండి ఈ సాధనకు మంచి పరీక్ష. చీకటి పడే వేళ విసనకర్ర విసిరినప్పుడల్లా బొగ్గులు రాజుకుని, అమ్మే ఆమె ముఖం కింది నుంచి ఎర్రగా వెలుగుతుంది, ఆపితే మళ్ళీ మసకబారుతుంది. ఫోన్‌లోని నైట్ మోడ్ ఇక్కడ పనికిరాదు. అది కొన్ని సెకన్లపాటు వెలుగును పోగుచేస్తుంది కనుక విసిరే చేయి పొగలా చెదిరిపోతుంది. కెమెరాను ఐఎస్ఓ 1600కు, 1/60కి బిగించి, లెన్స్‌ను బాగా తెరిచి, కంకిని తిప్పడానికి ఆమె ముందుకు వంగి విసనకర్ర చివరిసారి విసిరే క్షణం కోసం వేచి ఉండాలి. బొగ్గులు తెల్లగా కాలిపోయినట్టు వస్తాయని ముందే ఒప్పుకోండి. రెండింటినీ కాపాడటం చిన్న సెన్సర్ వల్ల కాదు, ఎంచుకోవలసింది ముఖాన్నే.

మనుషుల ముందు బెరుకు

అపరిచితులను దొంగచాటుగా దూరం నుంచి తీయడం వల్ల బెరుకు పోదు, పెరుగుతుంది. కిట్ లెన్స్‌కు ఎలాగూ దూరం అందదు. అది ఒక రకంగా మేలే, దగ్గరకు వెళ్ళి మాట్లాడక తప్పదు. పెద జాలరిపేట ఒడ్డున వలలు బాగుచేసుకునే పెద్దవారి దగ్గర మొదలుపెట్టండి. కెమెరా మెడలో కనిపించేలా వేసుకుని, ముందు కూర్చుని ఆ వల ఏ చేపకో అడగండి. చేతులు పనిలో ఉన్న మనిషి కెమెరాను త్వరగా మరిచిపోతాడు. కాసేపయ్యాక "తాతా, మీరు పని చేసుకుంటుంటే ఒక ఫోటో తీసుకుంటాను" అంటే, చాలాసార్లు వచ్చే జవాబు "తియ్యి బాబూ, పేపర్లో ఏత్తావేటి?" అనే. వేయనని, సొంతానికేనని నిజం చెప్పండి. మొదటి రెండు ఫోటోలకు ఆయన బిగుసుకుని కూర్చుంటారు. వాటిని కూడా తీసి, తెర మీద చూపించండి. ఆయన నవ్వి తిరిగి ముడిలో దారం దూర్చినప్పుడు వచ్చేదే మీకు కావలసిన ఫోటో. వద్దన్నవారిని రెండోసారి అడగకూడదు. పిల్లలను తీయాలంటే పక్కనున్న తల్లినో తండ్రినో అడగాలి, సముద్రస్నానం చేస్తున్నవారి వైపు కెమెరా తిప్పకూడదు.

ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున వేలంపాట జరిగే చోటు కన్నులపండువగా ఉంటుంది గానీ, అక్కడ మొదలుపెట్టమని చెప్పను. నేల జారుతుంది, మంచు పెట్టెల బళ్ళు ఆగవు, బేరం మధ్యలో అడ్డు నిలబడినవారిని ఎవరైనా కసురుకుంటారు. కొత్తవారికి ఆ కసురే నెల రోజుల ధైర్యాన్ని పోగొడుతుంది. నాలుగు వారాలు మార్కెట్లో, ఒడ్డున తిరిగాక వెళ్ళండి. నౌకాదళ ప్రాంతాలు, డాక్‌యార్డు, ఓడరేవు, విమానాశ్రయం దగ్గర నిషేధపు బోర్డులున్న ఊరు ఇది. బోర్డు కనిపించిన చోట కెమెరా సంచిలోకి పోవాలి. విమానాశ్రయం నౌకాదళ వైమానిక స్థావరంలో భాగం కనుక, ఊళ్ళో ఎక్కడైనా డ్రోన్ ఎగరేసే ముందు గగనతల పటం చూసి అనుమతి సంగతి తేల్చుకోవాలి. చాలా గుళ్ళలో లోపల కెమెరాను అనుమతించరు.

ఉప్పుగాలి గురించి కొంచెం. బీచ్ నుంచి వచ్చాక కెమెరాను కాస్త తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి. ఇసుకలో లెన్స్ మార్చవద్దు. ఏసీ గదిలోంచి బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది కాబట్టి, సంచి జిప్పు తీయకుండా అరగంట ఆగండి. ఇంట్లో గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి.

వడపోత, ఆపై కొనుగోలు

తీసిన రోజే ఫోటోలను తీసివేయడం మంచిది కాదు. ఆ రోజు పడిన శ్రమ కళ్ళకు అడ్డువస్తుంది. వారం తర్వాత చూస్తే ఏది నిలుస్తుందో తెలుస్తుంది. నెలకు పది ఎంచుకుని, ఫోటో ల్యాబ్‌లో పోస్టుకార్డు సైజులో అచ్చు వేయించి, బల్ల మీద పరిచి చూడండి. తెర మీద బాగున్నవి కొన్ని అక్కడ తేలిపోతాయి. చూపించినవారు "బాగుంది" అంటే దానివల్ల ఉపయోగం లేదు, "ముందుగా చూపు ఎక్కడికి పోయింది?" అని అడగండి. వల ముడి కోసం తీసిన ఫోటోలో ముగ్గురికి ముగ్గురూ వెనకనున్న నీలం బిందెను చూపిస్తే, తర్వాతి సారి ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పనక్కర్లేదు. జాలరిపేట పెద్దాయనకు అచ్చు ఒకటి ఇచ్చి రండి; రెండోసారి వెళ్ళినప్పుడు పరిచయం చేసుకోవలసిన పని ఉండదు.

కొత్త లెన్స్ కొనాలా వద్దా అన్నది కూడా ఈ వడపోతే చెబుతుంది. టేపు తీసేశాక కొన్ని నెలలు తీసిన ఫోటోల వివరాల్లో ఏ కొలత దగ్గర ఎక్కువ తీశారో చూడండి. 55 దగ్గర తీసి, ఆపై కత్తిరించినవే అధికంగా ఉంటే మీకు టెలీ లెన్స్ అవసరం ఉంది. మార్కెట్లో, ఇళ్ళలో చెదిరిన ఫోటోలే ఎక్కువైతే 50 ఎంఎం ఎఫ్1.8 తీసుకోండి, 55 దగ్గర ఎఫ్5.6కు మించి తెరుచుకోని కిట్ లెన్స్ కంటే అది దాదాపు పదిరెట్లు వెలుగును లోపలికి రానిస్తుంది. అంటే 1/15 దగ్గర చెదిరిన ఫోటోను 1/125 దగ్గర నిలకడగా తీయవచ్చు. అది పాతదైనా ఫరవాలేదు. అయితే సముద్రతీరపు ఊళ్ళో పాత లెన్స్ కొనేటప్పుడు రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, అద్దాన్ని అటూ ఇటూ వంచి చూడాలి. సాలెగూడు పోగుల్లాంటి సన్నటి తెల్లగీతలు లోపల కనిపిస్తే అది ఫంగస్. ధర ఎంత తగ్గించినా ఆ లెన్స్ తీసుకోవద్దు.